పలకలు మార్చేటోడు

బేస్తవారం రాత్రి పదకొండు దాటినంక
షువైఖ్ గోదాముల సందుల,
టైర్ల దుకాణానికీ ఏసీలు బాగుజేసే షెడ్డుకూ నడుమ,
గొడ్డళ్లు ఇసిరే ఆట కొట్టంల
నాది పలకలు మార్చే పని.

వారమంత దెబ్బలు తిన్న పైన్ చెక్కలు
పేలాలోలె ఉబ్బి, పీచు లేసి ఉంటయ్.
మేకులు గుంజి, కొత్తయి బిగించి
బుడ్డితోటి నీళ్లు చిలకరిస్త.
తడి చెక్క వాదరను పట్టుకుంటది,
పొడి చెక్క ఎల్లగొడ్తది.
ఈ సంగతి నాకెవ్వలు నేర్పలే.

పైసలు కట్టి గొడ్డలి ఇసురుడేందని
మొదట్ల నవ్వుకున్న.
మా ఇంట్ల బాడిశె చెయ్యిజారితే
కండ్లకద్దుకొని దండం పెట్టమనేటోడు నాయిన.
పట్టు ఇడవకుంటనే నలభై ఏండ్లొచ్చినయ్.

ఒక రాత్రి, కొత్త పలక ఎట్లున్నదో సూద్దామని
గీత కాడ నిలబడి ఒకటేసిన.
కామ తగిలి కిందవడ్డది.
ఇంకోటి వీపు తగిలి
సిమెంటు మీద గంట లెక్క మోగింది.
కౌంటరు కాడ లెక్కలు రాసుకుంట
మారిటెస్, ఆడ ఆట నేర్పే ఫిలిప్పీన్స్ పిల్ల,
తల ఎత్తకుంటనే వచ్చీరాని హిందీల అన్నది:
"చారీ, నువ్వు కొడుతున్నవ్. కొట్టకు. ఇడువు."

మణికట్టు మడవొద్దు.
గాలిల ఒక్కటే పల్టీ.
తిరుగుడు ఎక్కువైతె అర అడుగు ముందుకు,
తక్కువైతె ఎనుకకు.
కండ్లు గొడ్డలెంబడి పోవద్దు.
నెల దాటితె గని నా వేళ్లు ఆ మాట ఇనలే.
మొదటిసారి దిగినప్పుడైన చప్పుడు
తలుపు చౌకట్ల సరిగ్గ కూసున్న చప్పుడే.
దానికోసమే మల్ల మల్ల పోయిన.

"గోటితోటి పోయేదానికి గొడ్డలెందుకురా"
జలీబ్ రూముల రాజమల్లు ఎక్కిరించిండు.
లీగుకు పదిహేను దినార్లు.
సిగరెట్లు బందువెట్టి కట్టిన.

ఎనిమిది వారాలు.
దంతాల డాక్టర్ హానీని ఓడగొట్టిన,
బ్యాంకుల చేసే లెబనాన్ ఆమె చేతుల ఓడిన.
యాకూబని ఒక కువైతీ పిల్లగాడు,
సొంత గొడ్డలిని మఖ్మల్ పెట్టెల తెస్తడు.
కామ మీద పేరు చెక్కించుకున్నడు.
ఈనె అడ్డం పోయింది, ఈడ్నే పగుల్తదన్న.
నమ్మలే. ఆరో వారం ఆడ్నే పగిలింది.
ఆష్ కట్టె తెచ్చి, రెండు రాత్రులు గీకి
వాని చేతికి సరిపోయే కామ చేసిచ్చిన.
పైసలిస్తే తీసుకోలే.

ఆఖరాట వానితోనే పడ్డది.

పలక పైన రెండు నీలం చుక్కలు, కంటిగుడ్డంత.
తగిలితే ఎనిమిది, తప్పితే సున్న.
ఇసిరే ముందు మాత్రం నోరు తెరిచి చెప్పాలె
దాన్నే కొడుతున్ననని.
ఆఖరి గొడ్డలి. నాకు ఏడు తక్కువున్నయ్.
పదమూడేండ్ల సంది ఈ దేశంల
ఫలానాది కావాలని గట్టిగ అన్నోణ్ణి కాదు.
అరబ్బీల, హిందీల ఏ మాటా దొరకలే.
"నీలం!" అన్న.
అందరు మొఖాలు సూసుకున్నరు.
మారిటెస్ చెయ్యెత్తి రాసుకున్నది.

ఇడిసిన.

దిగింది. లోతుగ దిగింది.
చుక్కకు గోరంత ఇవుతల.

యాకూబ్ వచ్చి గట్టిగ కావలిచ్చుకున్నడు.
వాని అంగీకి ఊద్ వాసన,
నా చేతులకు తడి చెక్క వాసన.
అందరు పోయినంక మేకులు గుంజుడు మొదలువెట్టిన,
బేస్తవారం బేస్తవారమే గద.

ఆ ఒక్క పలకను చెత్తబండిల ఎయ్యలే.
రూముకు తెచ్చి గోడకు బిగించిన.
దాని మీద అన్నం కుక్కరు పెడుతున్నరు.
ఆవిరికి చెక్క ఉబ్బి
గంటు కొంచెం కొంచెం మూసుకుంటున్నది.

నిన్న రాజమల్లుకు చెప్పిన,
కుక్కరును అవుతల పెట్టమని.