ఎండలకు ఆవిరి

రోహిణి కార్తె. టంగుటూరు పశువుల ఆసుపత్రి
రేకుల వరండాలో పిచ్చుక కూడా నోరు తెరుచుకుని కూర్చుంది.
నా దగ్గర మాత్రం మూడు లీటర్ల చలి ఉంది,
అల్యూమినియం క్యానులో, తడి గోనెపట్టా కప్పి.
సున్నాకి నూట తొంభై ఆరు మెట్లు కింద.
అందులో ఒంగోలు గిత్తల వంశం
గడ్డిపరకంత గొట్టాల్లో కళ్లు మూసుకుని ఉంటుంది.

ఇంజినీరింగ్ కాలేజీ నుంచి షంషాద్ మేడమ్ వచ్చింది,
స్కూటీ ముందు అట్టపెట్టె, పెట్టెలో దూది,
దూదిలో చింతగింజ కంటే చిన్న చిప్పులు రెండు.
నత్రజనికి చెన్నైకి చీటీ రాసి రెండు నెలలైందట.
"మాలకొండయ్య గారూ, మీ క్యానులో ఒక్కసారి ముంచనివ్వండి" అంది.
చూడి కడుతుందా అని అడిగాను. నవ్వింది.

క్వాంటం కంప్యూటరట. దాని గుండెకాయ
ఎంత చలిలో ఉండాలంటే
నా క్యాను ఆ ఇంటికి ఉత్త వసారా.
బయట నిలబడి, ఒక్కో గుండెకి ఒక్కో తీగ లాగి
ఆజ్ఞలు పంపుతున్నారట ఇన్నాళ్లూ.
వందైతే సరే. లక్షైతే?
తీగ మాట ఒక్కటే మోయదు గదా, వేడినీ మోస్తుంది.

అది నాకు ఒకరు చెప్పక్కర్లేదు.
క్యాను మెడలోంచి వేలాడే పిడి ఉందే,
ఎండ దాని వెంటే దొంగలా దిగుతుంది.
అందుకే మూత తీస్తే ఊపిరి బిగబడతాను.
గొట్టం మెడ దాటాక ఎనిమిది లెక్కపెట్టేలోపు పని కావాలి.
తొమ్మిదంటే ఒక తరం పోయినట్టే.

"అందుకే ఆజ్ఞలిచ్చేవాణ్ణే లోపల కూర్చోబెట్టాలని" అంది.
"చలిలోనే ఉండి, పక్కనే గుసగుసలాడాలి.
వాడి ఒంటి వేడికి మాత్రం ఎవరూ ఉలిక్కిపడకూడదు."
ఈనబోయే ఆవు పక్కన అర్ధరాత్రి నడిచినట్టు
అనుకున్నా. పైకి అనలేదు.

మొదటి చిప్పు ముంచగానే టిక్కుమంది.
అతుకు పగిలింది.
దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది.
అంటుకున్న మంచు కరిగి ఆమె చెమటలో కలిసింది.

రెండోదాన్ని నేను దించాను. నా చెయ్యి నిదానం.
మెడ దగ్గర ఆగి, పొగలో ఆగి,
ఇంకో జానెడు, మళ్లీ ఆగి.
సలసల కాగింది నత్రజని, చలిలోనే కాగడం!
తర్వాత సద్దుమణిగింది.
ఆమె మీట నొక్కింది. తెర మీద గీత పడుకునే ఉంది.
"చలిలో దీనికి బద్ధకం, ఇంకాస్త అదిలించాలి" అని
వోల్టేజి వెంట్రుకవాసి పెంచింది. ఇంకో వెంట్రుక.
లేచింది చూడూ,
ముల్లుగర్ర ఎరగని గిత్తలా,
గది వేడిలో ఎప్పుడూ లేనంత చురుగ్గా!

అప్పుడే కరెంటు పోయింది.

చీకటి తెర ముందు కూర్చుని, మరిచిపోకముందే
ఆ గీతను నోటుబుక్కులో పెన్నుతో గీసుకుంది.
"ఇది వసారానే" అంది, నాతోనో చిప్పుతోనో.
"లోపలి గది ఇంకా చాలా దూరం."

సాయంత్రం ఆలకూరపాడు నుంచి ఫోను,
సుబ్బరత్తమ్మ ఆవు ఎదకొచ్చిందని.
బండికి క్యాను కట్టేముందు చెక్క స్కేలు ముంచి తీశాను.
మంచు గీత రెండంగుళాలు కిందికి ఉంది.
నత్రజని లారీ వచ్చేది అమావాస్య దాటాకే.
రిజిస్టరు తెరిచి, కారణం అనే గడిలో,
కాస్త ఆలోచించి,
'ఎండలకు ఆవిరి' అని రాశాను.