సెట్టు మార్చేందుకు నాలుగు నిమిషాలు

ఓపవా పాత నాటకశాల నేలమాళిగలో
ఎలుకలు ముందు పేరునే కొరికాయి.
అట్ట మీద మిగిలింది "...ని పెళ్లాం" అని అంతే.
ఎవడి పెళ్లామో,
పిండిమిల్లు వాడిదో, పడవ వాడిదో,
చెరువులో దయ్యానిదో,
చెప్పగలిగిన నోరు ఈ ఊళ్లో లేదు.

పాటల కాగితాలు ఏ చలికాలమో పొయ్యిలోకి పోయాయి.
యుద్ధం వల్ల, అంటుంది ద్రహోమీర.
బద్ధకం వల్ల, అంటాను నేను.
ఏదైతేనేం, సోప్రానో లేదు,
ఆమె ఎందుకు ఏడ్చిందో లేదు,
కోరస్ రైతులు కర్రలెత్తింది ఎవరి మీదో లేదు.
దొరికింది ఒక్క కట్ట.
మూడో అంకానికి ముందు, తెర మూసి ఉండగా
వాద్యాలు మాత్రమే వాయించే ముక్క.

నాది రెండో హార్న్.
రెండో హార్న్ బతుకంతా లెక్కపెట్టడమే.
మొదటి పుటలోనే ఎనభై ఏడు గళ్లు ఖాళీ,
ఆ ఖాళీ పక్కన పెన్సిల్ రాతలు,
ఒక్కొక్కటి ఒక్కో చేతివి:
"మంచు. ట్రాములు ఆగిపోయాయి."
"కుబేష్ మళ్లీ తాగి వచ్చాడు."
"బూటులో నీళ్లు."
"కూతురు. మూడు కిలోలు."
ఆ కూతురు తండ్రి
ఎనభై ఎనిమిదో గడిలో ఊపిరి ఎలా అందుకున్నాడో
నాకు తెలుసుకోవాలనుంది.

ఇక, కండక్టర్ ప్రతి తిరగేస్తుంటే
ఎర్ర పెన్సిల్‌తో, కోపంగా, కాగితం చిరిగేలా:
"ఇంకో పదహారు గళ్లు కావాలి పంతులుగారూ.
మిల్లు చక్రం తలుపులో పట్టడం లేదు.
– శ్క్రోబాల్, రంగస్థలం."

పంతులంటే హబ్రోవెత్స్,
పొద్దుట పిల్లలకు ఎక్కాలు, సాయంత్రం ఆపెరా.
ఆయన ఆ రాత్రే కూచుని రాసుండాలి,
సిరా వేరు, చుక్కలు పల్చన,
ఒక చోట కొవ్వొత్తి మైనం.
అప్పటిదాకా ఆయన సంగీతం
ఆదివారం చొక్కా తొడుక్కున్న సంగీతం,
గుండీలన్నీ పెట్టుకుని, నోరు జారకుండా.
ఈ పదహారింట్లో మాత్రం
క్లారినెట్ ఎవరినీ అడక్కుండా బయటికొస్తుంది,
చెల్లోలు దాని వెనక చెప్పుల్లేకుండా,
ఎక్కడికని ఎవరూ అడగరు.
కథ ఆగిపోయింది కదా,
మనుషులు చెమటోడుస్తూ చక్రాన్ని అటూ ఇటూ వంచుతున్నారు కదా,
ఆ సందులో
ఎవరికీ అక్కర్లేని ఒక మాట చెప్పేశాడు పంతులు.

చక్రం ఎప్పుడో వంటచెరకైంది.
తలుపును వెడల్పు చేశారు, తర్వాత ఇటుకలతో మూసేశారు.
ఇరుకు మాత్రం నిలిచింది, పదహారు గళ్ల పొడవున.

నిన్న, గురువారం, వాయించాం.
ముప్పై ఒక్కమంది. తడిసిన కోట్ల వాసన.
ఖాళీ గళ్లలో నేనూ ఒక మాట రాద్దామని
పెన్సిల్ తీశాను,
యాభై మూడో యాభై నాలుగో మర్చిపోయి
అరగడి ఆలస్యంగా అందుకున్నాను.
కండక్టర్ చూపు ఇంకా మెడ మీద ఉంది.
రాసింది "చక్" దగ్గరే ఆగింది.

ఈ ముక్కకు ముగింపు లేదు.
చివరి స్వరం నిలబడి ఎదురుచూస్తుంది,
ఇప్పుడు తెర లేవాలి,
ఇప్పుడు ఎవడిదో పెళ్లాం
మెట్ల మీద దీపం పట్టుకుని నోరు తెరవాలి.
కండక్టర్ చెయ్యి పైనే ఉంది.
చప్పట్లు కొట్టాలో లేదో తెలీక
ముప్పై ఒక్కమంది ఒళ్లో చేతులు చూసుకుంటున్నారు.
గోడలో వేడినీళ్ల గొట్టం ఒకసారి దగ్గింది.

ద్రహోమీర వయోలా దించి
కుర్చీలో కాస్త పక్కకు జరిగింది,
ట్రాములో ఎవరో ఎక్కితే
చోటిచ్చినట్టు.