కొసరు

నాలుగు డాలర్లకి ఒక్క సెంటు తక్కువ.
కాంబో కొన్నవాళ్ళకే.
ఆ డిసెంబరులో ఈ మాట ఎన్నిసార్లన్నానో
నా హెడ్‌సెట్ స్పాంజిని పిండితే తెలుస్తుంది.
కిటికీలోంచి సంచీ, సంచీ మీద డబ్బా,
డబ్బా మీద మా కంపెనీ దోసకాయ దొర:
మెలేసిన మీసం, హెల్మెట్,
మోకాళ్ళు చెవులకి తగిలేంత చిన్న మోటారు బండి.

మొదట్లో దాన్నెవరూ ఆటగా కొనలేదు.
కొసరుగా పుచ్చుకున్నారు.
కొసరు వంకాయలో పుచ్చు వెతుకుతామా?

ఫ్రైల దగ్గర పావ్ యాంగ్ అని కుర్రాడు.
తన డబ్బా ఇంటికి పట్టుకెళ్ళి
మర్నాడు నూనె కాగకముందే వచ్చాడు.
"మార్లిస్, మన పార్కింగు ఉంది అందులో."

అప్పుడు గుర్తొచ్చింది.
ఆగస్టులో ఇద్దరొచ్చి గోడలకి ఫొటోలు తీశారు,
చెత్తడబ్బాకి కూడా, నాలుగు వైపుల నుంచీ.
హెల్త్ ఇన్‌స్పెక్టర్లనుకుని
మా మేనేజర్ డ్వేన్ చెరో మిల్క్‌షేకూ ఇచ్చి
ఫ్రీజరు తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

మూడో ట్రాకు.
డులూత్ అని ఎక్కడా రాయలేదు, సరస్సూ లేదు,
మా సరస్సుండాల్సిన చోట ఎవరిదో ఎడారి.
కానీ బోర్డులో వెలగని అక్షరం వెలగకుండానే ఉంది.
ఆర్డరు చెప్పే స్తంభం, లారీ గుద్దిన వైపుకే వంగి ఉంది.
దాని పక్కన గుంత,
డ్వేన్ మూడేళ్ళుగా పూడుస్తానంటున్న గుంత.
దాని అంచు పట్టుకుని దూకితే
బండి గాల్లోకి లేచి
ముందున్న ఇద్దర్నీ దాటేస్తుంది.

నా కిటికీ పసుప్పచ్చగా వెలుగుతోంది.
లోపల ఎవరూ లేరు.
"నిన్ను గీయడం మర్చిపోయారు" అన్నాడు పావ్.
మర్చిపోలేదబ్బాయ్,
నాలుగు డాలర్లకి మనిషి రాదు.

జనవరంతా ఫ్రైల అట్టపెట్టెల వెనక అంకెలు.
పావ్: నలభై ఒకటి పాయింట్ ఏడు.
నేను: నలభై నాలుగు.
డ్వేన్: యాభై ఎనిమిది, అదీ కళ్ళజోడు పెట్టుకుని.
ఆఖరున మిగిలినవాళ్ళు జిడ్డుతొట్టి కడగాలి.
ఆ చలికాలంలో మా మేనేజరు
తొట్టి కడగడం బాగా నేర్చుకున్నాడు.

మార్చిలో, మంచు కరిగి తారు బయటపడ్డ రాత్రి,
రెండింటికి షట్టరు దించాక,
పావ్ వాళ్ళక్క మోపెడ్ తెచ్చాడు.
నన్ను వాచీ పట్టుకోమన్నాడు.
పట్టుకున్నాను. నలభై మూడేళ్ళదాన్ని,
ఇద్దరు పిల్లల తల్లిని,
వద్దని ఒక్క మాటైనా అనకుండా
"రెడీ" అన్నాను.

చెత్తడబ్బా మలుపు చక్కగా తిరిగాడు.
స్తంభం దగ్గర తల వంచాడు.
గుంత అంచు పట్టుకున్నాడు, సరిగ్గా ఆటలోలాగే.

మోపెడ్ లేవలేదు.
వాడు లేచాడు.

అంబులెన్సులో మణికట్టు ఒళ్ళో పెట్టుకుని
నవ్వాపుకోలేక అంటాడు:
"మన గుంతే తప్పు, మార్లిస్.
వాళ్ళది సరిగ్గా తవ్వారు."

తెల్లారి తొమ్మిదికల్లా తారు లారీ వచ్చింది.
మూడేళ్ళ పని ముప్పావుగంటలో అయిపోయింది.
ఇన్సూరెన్సు వాళ్ళు పదింటికి వస్తున్నారు మరి.

ఇప్పుడక్కడ టైర్ల దుకాణం.
మొన్న సూపీరియర్‌లో ఎవరి గరాజ్ ముందో
పాత సామాను అమ్ముతుంటే కనబడింది దోసకాయ దొర,
పావు డాలరుకి, బర్గర్ ఊసు లేకుండా.
మనవడి దగ్గర పాత మిషనుంది.
మూడో ట్రాకు పెట్టాను.
అందరూ గుంత మీంచి ఎగిరిపోయారు.
నేను కిటికీ దగ్గర బండి ఆపాను.
గడియారం తిరుగుతోంది, ఒక చుట్టు, రెండు చుట్లు,
ఏడుగురూ నన్ను దాటి, మళ్ళీ దాటి.
పసుప్పచ్చ వెలుగు. ఎవరూ అడగలేదు
ఏం కావాలని.

ఫొటో తీసి పావ్‌కి పంపాను.
వాడిప్పుడు గాలిమరల మీదెక్కి బోల్టులు బిగిస్తాడు,
అదే మణికట్టుతో.
అర్ధరాత్రి జవాబొచ్చింది:
"ఆగావెందుకు? టైమెంత?"