కాటా దాకా

ఈ పుస్తకం పందెం కోసం పుట్టింది కాదు.
గోగునార తూకాల పుస్తకం.
అట్ట మీద మిల్లు ముద్ర, లోపల అచ్చుగళ్ళు:
పేరు, మోపులు, తూకం, తడి, ధర.
మా నాన్న ఆ కాటాకి గుమస్తా.
నారవలస మొత్తమ్మీద సెకన్ల ముల్లున్న గడియారం
ఆయన చొక్కా జేబులోనే టిక్కుటిక్కుమనేది.

మొదటి ఏడు దాన్నెవరూ పందెం అనలేదు.
గెడ్డలో నానిన గోగు కంపు
ఇంకా చేతుల్ని వదలని మార్గశిరం.
మంగళవారం, చుక్క పొడిచే వేళ
రెండు నార బళ్ళు ఒకే దారికి ఎదురుబడ్డాయి.
"ముందెల్లినోడికే ముందు కాటా. తెల్సా కూర్మిగా?"
"నాకు తెల్సు గానీ, నీ ఎడ్లకి తెల్సేటి?"

అంతే.
మైలున్నర దారి లేచి దుమ్మయింది.

ఏ బండి ముందొచ్చిందో నాన్న రాయలేదు.
తూకాలు రాశాడు.
పడాల దాలినాయుడు, పన్నెండు మోపులు.
గేదెల కూర్మినాయుడు, పదకొండు; ఒకటి దారిలో పడిపోయింది.
అరవై ఏళ్ళు దాటినా ఆ రెండిళ్ళవాళ్ళు
ఆ పడిపోయిన మోపు దగ్గరే దెబ్బలాడుకుంటారు.

మరుసటేడు ఐదు బళ్ళు, ఆ పైయేడు పదిహేడు.
నార దించేసి ఉత్తి బళ్ళు తోలడం
ఎప్పుడు మొదలైందో గళ్ళే చెబుతాయి:
తూకం దగ్గర గీత, గీత, గీత.
ఇత్తడి బిందె పోయి సైకిలొచ్చింది,
జీళ్ళ కొట్లొచ్చాయి, తప్పెటగుళ్ళవాళ్ళొచ్చారు.
తుఫాను ఏడు
పేజీ మొత్తానికి ఒక్కటే మాట: వాన.

డెబ్బై ఒకటిలో అసిరమ్మ జత దిగింది.
మొగుడు పోయిన మూడో నెల; బండి మీద ఆవిడ తమ్ముడు.
వలపటి పుల్లెద్దుని
ముల్లుకర్రతో పొడిచి పొడిచి తోలాడు.
గెలిచింది.
గెలిచి, కాటా పలక మీదే మోకాళ్ళేసి
మరి లేవలేదు.
అసిరమ్మ ఏడవలేదు.
తమ్ముడి చేతిలో కర్ర లాక్కుని, చివరి మేకు పీకి
నాన్న బల్ల మీద పెట్టింది.
"ఇది తూసి రాయండి బావూ."

ఆ ఏడు తూకం గడి ఖాళీ.
పక్కన తడి గడిలో
నాన్న ముత్యాల్లాంటి రాత, కొంచెం వంకరపోయి:
ఎక్కువ.

తీర్మానమంటూ ఎవరూ చెయ్యలేదు.
పైయేడు నుంచి తోలేవాళ్ళు
కర్రలు నాన్న బల్లకి ఆనించి బండెక్కేవారు,
ఒట్టి తువ్వాలుతో.

మిల్లు గేటుకి తాళం పడింది.
రావలసిన ఆరు నెలల జీతానికి బదులు
నాన్న ఈ పుస్తకాన్ని చంకలో పెట్టుకొచ్చాడు.
ఆయన తర్వాత నేను.

ఇప్పుడు జతలు వ్యాన్లలో దిగుతాయి.
ఉలవలు, కోడిగుడ్లు, కొమ్ములకి రంగు.
బహుమతి మోటారుసైకిలు. మైకూ నాదే.
ఒక్క సంగతి మాత్రం మైకులో చెప్పను:
పాత ఎడ్లు కాటా పలక గిట్టకి తగలగానే
ఎవరూ పగ్గం లాగకుండానే ఆగేవి.
నార దిగాలి, తూకం పడాలి, కుడితి తాగాలి.
గెలుపంటే వాటికి
పని అయిపోవడం.

ఆ పలకని పాతసామాను వాడు పట్టుకుపోయాడు.
గొయ్యి పూడ్చి సున్నం గీత గీశాం.
ఈ ఎడ్లకి గీతతో పనేముంది?
దాటేసి, గోగు మొలవని పొలాల్లో పడి
ఇరవైమంది కుర్రాళ్ళు తాళ్ళు విసిరేదాకా
ఉరుకుతూనే ఉంటాయి.

సెకన్లు రాశాను.
మోపులు, గీత. తూకం, గీత.
తడి దగ్గర కలం కాసేపు ఆగింది.
ధర గడిలో మోటారుసైకిలు.

గెలిచిన జత పేరేమిటని అడిగితే
తెచ్చినవాడు తల గోక్కున్నాడు.
"నిన్ననే కొన్నాం మాస్టారూ, ఇంకా పేరెట్టలేదు."

పేరు గడిలో
వ్యాను నంబరు వేశాను.