ఫార్మేటివ్ వన్, ఒకటో తరగతి

ఏటుకూరు రోడ్డు వైపు మా మున్సిపల్ బడి.
ఫ్యాను తిరిగితే ఘాటు, ఆగితే ఉక్క.
తుమ్ములు విని హాజరు వేయగలను నేను,
ఎవరి తుమ్ము ఎవరిదో
ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆ మాత్రం పట్టుబడింది.

ఇవాళ ఫార్మేటివ్ వన్.
పరీక్ష అనకూడదు.
ఆ మాటకి పిల్లలు జడుసుకుంటారని
మాట మార్చారు.
పిల్లలు కొత్త మాటకి కూడా జడుసుకోవడం
రెండేళ్ళలో నేర్చుకున్నారు.

నాగుల్ మీరా ముందు బొమ్మ పెట్టాను.
రంగు పోయిన జిరాక్స్.
"ఇదేంటి నాన్నా?"
వాడు కాగితం ముక్కు దగ్గరికి తీసుకున్నాడు,
వెలుతురుకి పట్టాడు,
కిలోకింత అని తొడిమలు తీసే తల్లి పక్కన కూర్చుని
సెలవులన్నీ గడిపినవాడు.
"త్రీ ఫార్టీవన్, మేడం."
కాసేపాగి, కొంచెం జాలిగా,
"రంగు లేదుగా. తాలు కింద పోద్ది."

జవాబుల తాళ్ళో "మిరపకాయ" అని ఉంది.
వాడు చెప్పిన మాట అందులో లేదు.

ఎప్పుడో ట్రైనింగులో చట్టం పుస్తకం ఇచ్చారు.
ఇరవై తొమ్మిదో సెక్షన్ దగ్గర
పెన్సిలుతో గీత గీసుకున్నాను, ఇప్పటికీ ఉంది:
బిడ్డకి భయం ఉండకూడదు,
అనుకున్నది అననివ్వాలి,
తెలిసినదాన్ని ఎలా వాడుతుందో చూడాలి.
ఆ మధ్యాహ్నం నాకు ఏడుపొచ్చింది,
అంత మంచి వాక్యం గవర్నమెంటు కాగితం మీద
అంతకుముందు చూడలేదు.

ఆ వాక్యం ఢిల్లీలో బయల్దేరినప్పుడు నిండుగానే ఉంది.
జీవోలో కొంత ఒలికింది, మెమోలో కొంత,
జూమ్ మీటింగులో మాట తెగి కొంత.
గుంటూరు చేరేసరికి
ఫోనులో మూడు గుండ్రాలు మిగిలాయి.
గుర్తించాడు.
కొంతవరకు గుర్తించాడు.
గుర్తించలేదు.
ఒకటి నొక్కాలి. సాయంత్రం అయిదులోగా.

మా నాన్న వడ్రంగి.
చట్టం అంటే మా ఇంట్లో తలుపు చట్టమే.
వానలకి తలుపు ఉబ్బి పట్టకపోతే
చట్టం జోలికి పోయేవాడు కాదు,
గోడ కదులుతుందని.
తలుపునే విప్పి చిత్రిక పట్టేవాడు.
ఉంగరాలు ఉంగరాలుగా రాలే పొట్టుతో
నేను ఆడుకునేదాన్ని.

ఇప్పుడు చిత్రిక నా చేతికొచ్చింది.
రాలేదేమిటో తెలిసి
ఆడుకోబుద్ధి కావడం లేదు.

మూల్యాంకనం. పెద్ద మాట.
మూల్యం అంటే వెల అని
ఈ ఊళ్ళో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

అయిదింటికి మస్తాన్‌బీ వచ్చింది,
వేళ్ళు మండకుండా చేతులు దూరంగా పట్టుకుని.
"మావోడు పాసేనా టీచరమ్మా?"
"ఒకటో తరగతిలో ఫెయిలుండదమ్మా.
చట్టం ఒప్పుకోదు."
"మరి ఎందుకు రాయిస్తారు?"

నేను సర్వర్ గురించి ఏదో అన్నాను.

ఆమె బల్ల మీద కాగితం చూసింది.
"ఏందిది, బాడిగా?"
"త్రీ ఫార్టీవన్ అమ్మా!"
"ముడతలు కనపళ్ళా? బాడిగ."
"ముడతలు కాదు, తొడిమ చూడు. తొడిమ దగ్గర ఎట్టుందో చూడు.
బాడిగకి అట్టుంటదా?"

గేటు దాటారు.
ఆటో కోసం నిలబడీ వాదిస్తూనే ఉన్నాడు,
గాల్లో వేలితో కాయ గీసి చూపిస్తూ,
ఒక కారణం, దాని మీద ఇంకో కారణం.
తల్లి నవ్వు ఆపుకుంటోంది,
ఒప్పుకోవడం లేదు.

ఫోను మళ్ళీ అడిగింది.
అయిదూ పది.
మూడు గుండ్రాలూ ఖాళీగానే ఉన్నాయి.