ఖాళీగా ఉన్న గార్డు

మా గుంతకల్లులో గార్డు అంటే
ఆఖరి పెట్టెలో పచ్చజెండా పట్టుకున్న మనిషి.
ఈ పొద్దు పంచాయితీ ఇంకో గార్డు గురించి.

రైల్వే గ్రౌండు గోడవార
పాత స్లీపరు మొద్దుల మీద పదకొండు మందిమి.
బొరుగుల పొట్లాలు, ఒకే ఒక్క ట్యూబులైటు,
దాని చుట్టూ పురుగులకు వేరే టోర్నమెంటు.

వన్నూరప్ప ఖాళీగా ఉండాడంట.
బళ్ళారి మిల్లోళ్ళు టీము ఎత్తేసినారు,
చేతిలో కాగితం పెట్టి
నీ దారి నువ్వు చూసుకోమన్నారు.
నిన్నటిదాకా మన మీద ఇరవైలెక్కన పాయింట్లు కొట్టినోడు
ఇప్పుడు ఎవరి బనీనూ లేకుండా
ఇంట్లో మంచమ్మీద పడుకోనుండాడు.

"పిలుద్దాం" అన్నాడు దర్జీ తిక్కస్వామి.
బనీనుకు కొలతలు మనసులో ఎప్పుడో తీసేసుకున్నాడు.
"పోయినేడు నంద్యాల మీద ఆఖరి నిమిషం గుర్తులేదా?
బంతిని మనమే తీసుకపోయి వాళ్ళ చేతిలో పెట్టినాం గదప్పా!
ఆ ఒక్క నిమిషం మోసేవాడు కావల్ల."

"వాని మోకాలు చూసినావా?" అంది కరీమున్,
ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే పిల్ల.
"ఎగరడం బాగానే ఎగురుతాడు, దిగేటప్పుడు భయపడతాండాడు.
ముప్పై రెండేండ్ల మోకాలికి పద్దెనిమిది వేలా?"

"శెనక్కాయ ఇత్తనానికి పోయలేదా మనం?
వాన వస్తాదని ఎవరు రాసిచ్చినారు?"

"ఇత్తనమన్నా కొత్తది కొంటాం గదా!"

లెక్కల పుస్తకం నా ఒళ్ళో ఉంది.
పదకొండు వేల మూడొందల నలభై.
అందులో నెట్టుకు ఆరొందలు బాకీ.
ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

మద్దిలేటి పేరొచ్చినప్పుడు మాత్రం
అందరూ గొంతు తగ్గించినారు.
వాడేమో పది అడుగుల దూరంలో
కట్టిన లేసే విప్పి మళ్ళీ కడుతున్నాడు.
పంతొమ్మిదేండ్లు. కాళ్ళల్లో గాలి.
ఎడమచెయ్యి మాత్రం ఇంకొకరిది తగిలించుకున్నట్టుంటుంది.
వన్నూరప్ప వస్తే
వీడు నీళ్ళ సీసాల పక్కన కూర్చోవాల.

అప్పుడు జయశీలన్ సారు గొంతు సవరించుకున్నాడు.
ముప్పైయారేండ్లు గూడ్సు వెనక తిరిగిన మనిషి.
"గార్డు బండి తోలడప్పా.
వెనకుండి, అన్ని పెట్టెలూ వస్తాండాయా లేదా చూస్తాడు."

అంతా గమ్మునైపోయినాం.
మాట ఎక్కడికో పోయి తగిలింది.
"నిజమే సార్" అన్నాడు తిక్కస్వామి,
"మన బండికి ఇంజనే లేదు, అదీ చిక్కు."
నవ్వి నవ్వి బొరుగులు పొలమారినాయి.

చేతులెత్తించినాం.
అటు అయిదు, ఇటు అయిదు.
పదకొండో చెయ్యి నాది, దాంట్లో ఫోనుంది.
ఏ పక్కా ఎత్తకుండా
నంబరు నొక్కినాను.

వేరొకరితో మాట్లాడుతున్నాడని ఆడగొంతు చెప్పింది.
అయిదు నిమిషాలాగి మళ్ళీ. అదే గొంతు.
మూడోసారి కరీమున్ మెల్లగా అంది,
"ఆదోనోళ్ళు."

ఆదోనోళ్ళకు పత్తి దుడ్లు.

అంతే, పంచాయితీ తిరగబడింది.
"ఆ మోకాలు పెట్టుకొని ఏం ఆడతాడులే" అని తిక్కస్వామి.
"ఏమన్నా చెప్పు, ఆ చేతిలోంచి బంతి పోయే తీరే వేరు" అని కరీమున్.
ఇందాక వీళ్ళ మాటలు వాళ్ళు, వాళ్ళ మాటలు వీళ్ళు
అరువు తీసుకొని మళ్ళీ మొదలు.
ఎవరికీ ఇంటికి పోవాలని లేదు.

గోడకవతల గూడ్సు కదిలింది.
సారు మాట ఆపేసి పెట్టెలు లెక్కపెడుతున్నాడు,
పింఛనొచ్చి తొమ్మిదేండ్లయినా.

చప్పుడు ఇంకొకటి.
లైటు అందని మూలలో మద్దిలేటి,
ఎడమచేత్తో.
ఏడు, ఎనిమిది. కాలికి తగిలి బంతి దొర్లింది.
తెచ్చుకున్నాడు. మళ్ళీ.
పదకొండు. పోయింది. మళ్ళీ.

జేబులో ఫోను మోగింది.
తీసి చూసినాను. వన్నూరప్పే.

పదమూడు, పద్నాలుగు...

మోగనీ.
ఇరవై దాటుతాడేమో చూసి ఎత్తుతా.