దెబ్బకు దెబ్బకు నడుమ

సోహార్‌ల ఎండ ఐదున్నరకే లేస్తది.
దానికంటే ముందుగాల లేసేది నా మణికట్టు.
కంపినోళ్లు ఇచ్చిన గడియారం.
టైము సూపుడు దానికి పైపని,
అసలు పని
రాత్రంత నా గుండెకు చెవి ఆనిచ్చి పండుడు.

పొద్దుగాల ఒక నంబరు పెడ్తది.
ఇయ్యాల, ఇరవై రెండు.

కింది మంచం ఎల్లేశంది.
మే నెలల ఒక రాత్రి పన్నోడు పన్నట్టే ఉన్నడు.
సహజ మరణం అని కాయితం వచ్చింది.
ముప్పై ఆరేండ్లోనికి ఏది సహజమో
రాసిన పెన్ను చెప్పలే.
ఆ నెలలనే దిగినయ్ ఈ గడియారాలు,
ఒక అట్టపెట్టెల నలభై,
సంతకం పెట్టి తీస్కొమ్మన్నరు.

గట్టి గుండె అంటే
టక్ టక్ టక్ ఒక్క తీరు కొట్టుకునేది అనుకున్న.
క్లినిక్‌ల సూజమ్మ సిస్టర్ నవ్వింది.
ఆమెది కొట్టాయం, నాది మెట్‌పల్లి దిక్కు,
నడుమల హిందీ మా ఇద్దరికీ కిరాయిది.
మందుల చీటీ ఎనుక గీతలు గీసింది,
ఒక మిట్ట, ఒక సందు, ఇంకో మిట్ట.

“నిమిషానికి అరవై అంటే
సెకనుకొకటి అని గాదు పోశెట్టీ.
ఈ సందు తొమ్మిదొందల ముప్పై,
పక్క సందు వెయ్యిన్ని నలభై,
సెకనును వెయ్యి ముక్కలు చేసిన లెక్కల.
ఊపిరి తీస్తే జర ఉరుకుతది, ఇడిస్తే నిమ్మళపడ్తది.
ఆ తేడానే నీ నంబరు.
తేడా ఉన్నదంటే
ఉరికించేదీ ఆపేదీ లోపల మాట్లాడుకుంటున్నయ్.
తేడా కుదించుకపోయిందంటే
ఎవడో పగ్గం గుంజి పట్టిండు.”

మా నాయిన యాదికొచ్చిండు.
డప్పు మంట మీద కాపుకుంట అంటుండె:
“లెక్క తప్పుడు వేరు, ఊగుడు వేరు బిడ్డా.
ఒక్క తీరు కొడితే అది డప్పు గాదు, పిండిగిర్ని.
చిర్ర తోలుకు తగిలినప్పుడు ఎవడైనా వింటడు,
తగలనప్పుడు వినాలె.”

క్యాంపుల ఇప్పుడు నంబర్ల మీద చాయ్ పందాలు.
షాజహాన్‌ది యాభై ఎనిమిది, వాడు మీసం దువ్వుతడు.
ఇరవైకి దిగితే ఇంటికి తోలుతరని
మెస్‌ల ఎవడో పుకారు లేపిండు.
రాజలింగు తన గడియారం పిల్లికి కట్టిండు.
అది రాత్రంత గోడలు దుంకి
పొద్దుగాల డాబా మీద పారేసుకున్నది,
ఆఫీసుల ఆయన పేరు పక్కన
శనివారం దాక ఎర్ర చుక్క.

సిస్టర్‌ను అడిగిన, నేను పోతనా అని.
“ఇది జాతకం గాదు” అన్నది.
“పక్కోని నంబరు నీకెందుకు?
వయసుకు దిగుతది, నిద్ర లేకుంటే దిగుతది,
నీళ్లు తాగకుంటే, జరం వచ్చే ముందు దిగుతది.
శుక్రారం రాత్రి మీరు తాగేదానికీ దిగుతది, నాకు తెల్వదనుకోకు.
నీ నిన్నటిని పక్కన పెట్టి నీ ఇయ్యాలను చూడు.
ఛాతిల నొప్పి లేస్తే మాత్రం నంబరు చూస్కుంట కూసోకు, ఉరికిరా.”

నా నిన్నటి లెక్క తీసి చూసిన.
నలభై ఒకటి, ముప్పై ఎనిమిది, ముప్పై,
ఇరవై ఏడు, ఇరవై రెండు.
తొమ్మిది నైట్ డ్యూటీలు ఒక్కదాని మీద ఒక్కటి,
పగలు రేకు కింద నిద్ర,
చేతి తొడుగుల్లోంచి కూడ కాలే పైపులు.
దీనికి గడియారం ఎందుకు?
సేఫ్టీ సారు కాడ ఇదే గీత ఉన్నది.
సూస్తున్నడు. సూసుడు కూడ డ్యూటీనేనాయె.

ఈ రాత్రి సెలవు.
ఏసీ డబ్బా గోడల్ల పిండిగిర్ని లెక్క కొట్టుకుంటున్నది.
నాలుగు అంకెలు ఊపిరి తీసి
ఆరు అంకెలు ఇడుస్తున్న,
మంచం ఇనుము మీద చూపుడువేలు కదుపుకుంట.
ఎల్లేశం గుండె సందులు ఎట్లుండెనో.
వాని మీది మంచంల నాలుగేండ్లు పన్న నేను,
గురక పెడ్తున్నవని గోడను తన్నిన,
గంతే.

కింద కొత్త పిలగాడు వచ్చిండు, పేరింకా అడగలే.
గురక పెడ్తున్నడు.
జర ఉరుకుతది, ఆగుతది,
మల్ల ఎక్కడ్నించో అందుకుంటది.

గోడను తన్నలే.